గానుగ షెడ్డు మీది సోలార్: వచ్చిన సొమ్ము, పెట్టిన ఖర్చు

సభ్యులకు, ఊరివారికి నమస్కారం. కల్వకుర్తి దారిలోని మన పల్లి నూనె గానుగ షెడ్డు మీద 20 కిలోవాట్ల సోలార్ పెట్టడానికి వసూలైన సొమ్మును, అయిన ఖర్చును 2025 జులై 31 నాటికి తేల్చి ఇక్కడ రాస్తున్నాం. దసరాకు ముందే చెప్పవలసిన లెక్క ఇది. ఒక బిల్లు పోయింది. దాన్ని గుత్తేదారు దగ్గర మళ్లీ రాయించుకునే సరికి ఆలస్యమైంది.

ముందు జమ. 46 మంది సభ్యుల్లో 43 మంది పూర్తి వాటా 10,000 చొప్పున, ముగ్గురు సగం చొప్పున ఇచ్చారు. మొత్తం 4,45,000. గానుగ నిల్వ నుంచి 1,80,000, బ్యాంకు అప్పు 5,00,000, హైదరాబాద్‌లో ఉంటున్న మనవాళ్ల విరాళాలు 36,500, షెడ్డు పాత రేకులు తుక్కుకు అమ్మితే 7,300, ఖాతాలో పడిన వడ్డీ 2,140. అన్నీ కలిపి 11,70,940 రూపాయలు.

ఖర్చులో సింహభాగం సోలార్ పలకలది. 540 వాట్ల పలకలు 37, ఒక్కొక్కటి పన్నుతో కలిపి 12,700 చొప్పున 4,69,900. పలకల కరెంటును గానుగకు పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ 1,28,000. జింకు పూత ఇనుప చట్రం 1,62,500. తీగలు, పెట్టెలు, పిడుగు నుంచి కాపాడే కడ్డీ, మూడు ఎర్తింగ్ గుంతలు 94,600. బిగింపు కూలి 60,000. దరఖాస్తు, తనిఖీ, లైన్ నుంచి తీసుకున్న కరెంటును, లైన్‌లోకి పంపిన కరెంటును లెక్కించే నెట్ మీటరు 31,850. షెడ్డు రేకులు, దూలాల మరమ్మతు 48,200. రవాణా 11,400, మొదటి ఏడాది బీమా 6,900, కడగడానికి పైపు, చిన్న మోటారు, నిచ్చెన 9,750. తిరుగుళ్లు, జిరాక్సులు, చాయలు 5,380. చాయల ఖర్చు ఎక్కువైందని ఇప్పటికే విన్నాం. మీటరు పని మీద తొమ్మిదిసార్లు తిరిగాం, అందులోనే బస్సు చార్జీలూ ఉన్నాయి.

మిగిలిన 14,600 మా తప్పుకు పడిన జరిమానా. షెడ్డుకు నైరుతిలో ఉన్న వేపచెట్టు మీకు తెలుసు. కొలతలకు వచ్చినవాళ్లు పొద్దున పదకొండుకు వచ్చారు, అప్పుడు నీడ లేదు. జనవరిలో పొద్దు దక్షిణానికి వాలి ఉంటుంది కాబట్టి మూడు దాటగానే కొమ్మల నీడ నాలుగు పలకల మీద పడింది. పలకలు వరుసలుగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. పిల్లకాలువలో ఒకచోట మన్ను పడితే కింది మడులన్నిటికీ నీరు తగ్గినట్టు, నాలుగింటి మీద నీడ వరుస మొత్తాన్నీ లాగేసింది. చెట్టు కొట్టేద్దామని కొందరు అన్నారు. దాని కిందే పల్లికాయ దింపుకుని కూర్చునేది మనమే కదా! పలకలనే తూర్పు వైపుకు జరిపించాం. గుత్తేదారు ఆ ఖర్చు భరించనన్నాడు. ఒప్పందంలో నీడ మాట మేమే రాయించుకోలేదు.

మొత్తం ఖర్చు 10,43,080. చేతిలో నిల్వ 1,27,860.

‘సబ్సిడీ ఎక్కడికి పోయింది?’ అని అడిగినవారికి జవాబు: రాలేదు, రాదు కూడా. 3 కిలోవాట్లకు 78,000 ఇచ్చే సూర్యఘర్ పథకం ఇళ్లకే. మన గానుగ పరిశ్రమ కిందికి వస్తుంది. పొలం మోటార్లకు పెట్టుకుంటే పోయేది కదా అన్న మాటా వచ్చింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. లేని బిల్లులో సోలార్ ఏం తగ్గిస్తుంది? సోలార్ పంపు అవసరం కరెంటు తీగ పోని చోటనే. అమ్రాబాద్ వైపు పోడు భూములకు ప్రభుత్వం ఇస్తున్నది అందుకే. గానుగకు మాత్రం యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు పడుతోంది.

ఫిబ్రవరి నుంచి జులై దాకా మీటరు చెప్పింది ఇది: 2,390, 2,680, 2,600, 2,540, 2,050, 1,780. ఆరు నెలలకు 14,040 యూనిట్లు. మే నెల ఎండకు మార్చి కంటే ఎక్కువ రావాలి కదా అని చాలామంది అడిగారు. పలకకు కావలసింది వెలుగు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. రేకుల మీద పలక 65 డిగ్రీలకు కాగితే 14 శాతం పోయినట్టే. దానికి తోడు పల్లి పొట్టు దుమ్ము. పదిహేను రోజులు కడగకపోతే వేలితో గీస్తే గీత పడుతోంది. కడగడం తెల్లవారుజామునే, కాగిన అద్దం మీద చల్లనీళ్లు పోయకూడదు.

ఇంకో ఫిర్యాదు: ఎండ కాస్తుండగా కరెంటు పోతే గానుగ ఎందుకు ఆగింది? లైన్‌లో కరెంటు లేనప్పుడు ఇన్వర్టర్ తనంతట తానే ఆగుతుంది. ఆగకపోతే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. బ్యాటరీలు పెట్టలేదు, అంత స్తోమత లేదు.

ఇప్పుడు ఒక మాట వెనక్కి తీసుకోవాలి. నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుందని వసూళ్ల రోజున చెప్పాం. అది రోజుకు 80 యూనిట్లు, ఏడాదికి 29,200, అన్నిటికీ పూర్తి రేటు అని గుత్తేదారు వేసిన లెక్క. వచ్చిన 14,040లో మనం వాడుకున్నవి 12,150, వాటి విలువ 93,555 రూపాయలు. వానాకాలంలో గానుగ ఆగినప్పుడు మిగిలిన 1,890 లైన్‌లోకి పోయాయి, వాటికి మనకు ఇచ్చేది తక్కువ రేటు. ఈ లెక్కన అయిదున్నరేళ్లు, అప్పు వడ్డీ కలిపితే ఆరు దాటుతుంది. వానాకాలంలో పిండి మర కూడా పగటిపూటే నడిపితే కొంత తగ్గవచ్చు.

2025 సెప్టెంబరు 22న సోలార్ సామగ్రిపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆగి ఉంటే పలకల మీదే సుమారు 29,000 మిగిలేవి, నిజమే. ఆగి ఉంటే పై 93,555 బిల్లు రూపంలో పోయేవి, అదీ నిజమే.

నిల్వ గురించి కమిటీలో రెండు మాటలు వచ్చాయి. పలకలు పాతికేళ్లు నిలిచినా ఇన్వర్టర్ పదేళ్లకు మించి నమ్మలేం కాబట్టి లక్ష డిపాజిట్ చేద్దామని ఇద్దరు అన్నారు. వడ్డీ కడుతున్న అప్పు నెత్తిన ఉండగా డిపాజిట్ ఏమిటని మిగతావారు. లక్ష అప్పులోకే కట్టాలని తేలింది. మిగిలే 27,860 మరమ్మతులకు, వచ్చే ఏడాది బీమాకు. సగం వాటా బాకీ ఉన్న ముగ్గురూ పల్లి అమ్మాక ఇస్తామన్నారు. అది వస్తే ఇన్వర్టర్ నిధి అక్కడ మొదలవుతుంది.

రసీదులు, బిల్లులు, మీటరు ఫొటోలు గానుగ బీరువాలో ఉన్నాయి. ఆదివారం పొద్దున ఎవరైనా వచ్చి చూడవచ్చు. నూనె చేతులతో మాత్రం పట్టుకోకండి, నాలుగో రసీదు మీద అంకెలు ఇప్పటికే కనబడటం లేదు.