కొన్న ప్లగిన్లు పోవు, చిన్నా

పర్లాకిమిడి,
ఆదివారం.

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు అయిపోయింది, నీ లాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కదు. లినక్స్ వేసుకుంటానన్నావు, మంచి పని. నీ దిగులంతా డబ్బు పోసి కొన్న ప్లగిన్ల గురించే కదా, పాటల పనిలో వాయిద్యాలకీ ఎఫెక్టులకీ తగిలించుకునే ఆ చిన్న ప్రోగ్రాముల గురించి. వాటిలో చాలావరకు లినక్స్‌లోనూ పలుకుతాయి. పలకనప్పుడు ఎక్కడ వెతకాలో తెలిస్తే సగం పని అయినట్టే. అందుకే ముందు లోపల ఏం జరుగుతుందో చెప్తాను.

నువ్వు పాటలు రికార్డు చేసే రీపర్‌కి, లినక్స్‌లో, విండోస్ ప్లగిన్ ఉండే డీఎల్ఎల్ ఫైలు అర్థం కాదు. దాన్ని నడిపేది వైన్, విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్. రీపర్‌కీ వైన్‌కీ మధ్య నిలబడేది యాబ్రిడ్జ్. రీపర్‌కి అది మామూలు లినక్స్ ప్లగిన్‌లాగే కనిపిస్తుంది. అవతల వైన్‌లో అసలు ప్లగిన్‌ని వేరే ప్రాసెస్‌గా లేపి, శబ్దాన్ని అటూ ఇటూ మోస్తుంది. కాబట్టి ఇన్‌స్టాలరే తెరుచుకోకపోతే తప్పు వైన్ దగ్గర. ఇన్‌స్టాల్ అయినా రీపర్‌లో కనిపించకపోతే యాబ్రిడ్జ్ దగ్గర. మోగుతూ చిటపటమంటే మాత్రం ఆ రెంటినీ తిట్టకు, అది సిస్టమ్ అమరికలో లోపం.

వైన్ వెర్షన్ విషయంలో మొండిగా ఉండు. యాబ్రిడ్జ్ 5.1.1 వాడుతున్నంతకాలం వైన్ స్టేజింగ్ (వైన్‌లో ప్రయోగాత్మక రకం) 9.21 దగ్గరే ఆగిపో. 9.22 నుంచి ప్లగిన్ కిటికీలో మౌస్ గురి తప్పుతుంది. రీవెర్బ్ (ప్రతిధ్వని) నాబ్ మీద నొక్కితే దానికి దూరంగా ఎక్కడో తగులుతుంది, నాబ్ కదలదు. చూసేవాళ్లకి ప్లగిన్ బిగుసుకుపోయినట్టుంటుంది, కానీ పాట మాత్రం మోగుతూనే ఉంటుంది. ఉబుంటులో అప్‌డేట్ దానంతటదే వైన్‌ని పైకి ఎక్కించేస్తుంది గనక, ఆప్ట్-మార్క్ హోల్డ్ అనే కమాండ్‌తో కట్టెయ్. వైన్‌హెచ్‌క్యూ-స్టేజింగ్ ఒక్కటే కడితే చాలదు. వైన్-స్టేజింగ్, దాని ఏఎండీ64, ఐ386 ప్యాకేజీలు కూడా కట్టాలి, మొత్తం నాలుగు.

రీపర్‌ని వాళ్ల సైట్ నుంచి నేరుగా దించుకో. ఫ్లాట్‌పాక్ అనే ప్యాకేజీ రూపంలో వచ్చే రీపర్, ఆర్డర్ (రీపర్ లాంటిదే ఇంకోటి) లాంటివి పెట్టెలో మూసినట్టుంటాయి, బయటున్న వైన్‌ని ముట్టుకోలేవు, యాబ్రిడ్జ్ పని చెయ్యదు.

ప్లగిన్ ఇన్‌స్టాలర్‌ని వైన్‌తో తెరిచి, విండోస్‌లో చేసినట్టే చెయ్యి. ఇన్‌స్టాల్ అయ్యే ఫోల్డర్ దారి మార్చకు. వీఎస్‌టీ3 రకం ప్లగిన్లు ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని కామన్ ఫైల్స్ కింద వీఎస్‌టీ3 ఫోల్డర్‌లో పడతాయి. వైన్ దృష్టిలో అది సి డ్రైవ్, నీ డిస్కు మీద మాత్రం హోమ్‌లో దాగున్న 'డాట్ వైన్' ఫోల్డర్. ఆ వీఎస్‌టీ3 ఫోల్డర్‌ని యాబ్రిడ్జ్‌సీటీఎల్ (యాబ్రిడ్జ్‌ని నడిపే కమాండ్) యాడ్‌తో ఒక్కసారి చూపించు. దారిలో ఖాళీలున్నాయి గనక కోట్స్‌లో పెట్టడం మరవకు. తర్వాత యాబ్రిడ్జ్‌సీటీఎల్ సింక్. కొత్త ప్లగిన్ వేసినా, పాతది తీసేసినా సింక్ మళ్లీ కొట్టాలి. రీపర్‌లో రీస్కాన్ చేస్తే వచ్చేస్తాయి. రాకపోతే యాబ్రిడ్జ్‌సీటీఎల్ స్టేటస్ చూడు, ఏ ఫైలు కలిసిందో ఏది కలవలేదో వరసగా చెప్తుంది.

ఇక చిటపట. నీ యూజర్ ఆడియో గ్రూపులో ఉండాలి. ఆ గ్రూపుకి లిమిట్స్ ఫైల్లో ఆర్‌టీప్రయో 95 (ఆడియో పనికి ముందు వరస), మెమ్‌లాక్ అన్‌లిమిటెడ్ (మెమరీకి హద్దు లేకుండా) అని రాయి. రాశాక మెషీన్‌ని రీస్టార్ట్ చెయ్యి, లేకపోతే రాసినట్టే కాదు. టెర్మినల్‌లో యూలిమిట్ మైనస్ ఆర్ కొడితే 95, మైనస్ ఎల్ కొడితే అన్‌లిమిటెడ్ రావాలి. ప్రాసెసర్ వేగాన్ని నడిపించే గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్‌లో పెట్టు. పవర్‌సేవ్‌లో ఉంటే ప్రాసెసర్ కునికిపాట్లు పడి, సన్నాయి గమకం మధ్యలో టక్కుమంటుంది.

బఫర్ అంటే ఒక్కో విడతలో పంపే శబ్దపు ముక్కల సంఖ్య, దాని లెక్క ఇది: 48,000 శాంపిల్ రేటు దగ్గర 128 పెడితే 2.7 మిల్లీసెకన్లు, 512 పెడితే 10.7, 1024 పెడితే 21.3. రానూపోనూ కలిపితే దీనికి రెట్టింపు పైమాటే. డోలు ప్యాడ్ మీద వాయించి రికార్డు చేసేటప్పుడు 128 కావాలి, చేతికీ చెవికీ మధ్య తేడా తెలియకూడదు. మిక్స్‌కి 1024 పెట్టేసుకో, అక్కడ ఆలస్యంతో పనేముంది. ఒక్కో విండోస్ ప్లగిన్ వంతెన దాటి వెళ్లొస్తుంది గనక 128లో పది పెడితే ఆయాసపడుతుంది. ఆడియో పనిని చూపించే పీడబ్ల్యూ-టాప్ తెరిచి పెట్టుకో, ఈఆర్ఆర్ అనే గడిలో అంకె పెరుగుతోందంటే బఫర్ చాలట్లేదని. ఏప్రిల్, మే నెలల్లో బరంపురం ఉక్కపోతకి లాప్‌టాప్ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, దానివల్లా ఆ అంకె పెరుగుతుంది. మంచం మీద, దిండు మీద పెట్టకు నాన్నా.

ప్లగిన్ కిటికీ నల్లగా వస్తే వైన్‌సీఎఫ్‌జీలో (వైన్ సెట్టింగుల కిటికీ) లైబ్రరీల కింద డీ2డీ1ని డిసేబుల్ చేసి చూడు. సీరమ్ అనే సింథ్‌కి మందు అదే. శాంపిల్ లైబ్రరీలు పాత విండోస్ డిస్కులోనే ఉంచుకోవచ్చు. వైన్‌సీఎఫ్‌జీలో డ్రైవ్స్‌కి వెళ్లి ఆ డిస్కుకి మునుపటి అక్షరమే ఇస్తే దారులు చెదరవు. అయితే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేసి పూర్తిగా షట్‌డౌన్ చెయ్యి, లేకపోతే లినక్స్ ఆ డిస్కుని చదవడానికే ఇస్తుంది, రాయనివ్వదు.

ఐలాక్ డాంగిల్ (లైసెన్స్ దాచే యూఎస్‌బీ తాళం) మీద లైసెన్స్ ఉన్న ప్లగిన్లు మాత్రం వైన్‌కి కనబడవు. వాటి మీద పొద్దు పుచ్చకు. విండోస్ తీసేసే ముందే ఆ ట్రాకుల్ని రెండర్ చేసి వేవ్ ఫైళ్లుగా దాచుకో. వాటి బదులు లినక్స్‌లో నేరుగా నడిచేవి ఉన్నాయి: ఈక్యూ (శబ్దపు హెచ్చుతగ్గులు దిద్దేది), కంప్రెసర్లకి ఎల్‌ఎస్‌పీ, సింథ్‌కి సర్జ్ ఎక్స్‌టీ, వైటల్, రీవెర్బ్‌కి డ్రాగన్‌ఫ్లై. సన్నాయికి డ్రాగన్‌ఫ్లై హాల్ చాలా హాయిగా ఉంటుంది, నువ్వు కొన్నదాని పక్కన పెట్టి విను. వీటికి వైన్ అక్కర్లేదు గనక అప్‌డేట్ల భయమూ లేదు. కొత్తగా మొదలుపెట్టే పాటల్లో వీటినే ముందు వాడు.

అన్నీ కుదిరాక రీపర్ మూసి, ఆ డాట్ వైన్ ఫోల్డర్ మొత్తాన్ని టార్ చేసి (ఒకే ఫైలుగా కట్టి) బయటి డిస్కులో పెట్టు. ఏది చెడినా దాన్ని తిరిగి విప్పితే ప్లగిన్లు యథాస్థానంలో ఉంటాయి. బరంపురం ఠాకురాణి జాతర పాటల పని చేతిలో ఉన్నన్నాళ్లు ఏ అప్‌డేటూ ముట్టుకోకు. ఈసారి ఇంటికి వచ్చేటప్పుడు ఆ డిస్కు సంచిలో వేసుకురా, ఇక్కడ ఇంకో కాపీ తీసి ఉంచుతాను.

మీ అమ్మ