ఆ నాటకాన్ని ‘ఫియాస్కో’ అనకండి

సంపాదకుడు గారికి,

సోమవారం మీ సిటీ పేజీలో ‘తొలి ప్రదర్శనే ఫియాస్కో’ (అంటే ఘోరంగా దెబ్బతిందని) అన్న హెడ్డింగ్ చూసి మనసు కష్టపడింది. ఆ పద్యనాటకానికి నేనూ వెళ్లాను. మైకు గీపెట్టిన మాట, తెర సగంలో ఇరుక్కున్న మాట నిజమే. కానీ రాయబారం సీన్లో కృష్ణుడు వేసిన పిల్లవాడు మైకును పక్కకు నెట్టేసి, శ్రుతి పెంచి పద్యం ఎత్తుకున్నాడు. రాగం తీస్తుంటే వెనక వరసల్లోంచి ‘వన్స్ మోర్’ అని కేకలు వచ్చాయి. అది మీ వార్తలో లేదు.

ఫియాస్కో అసలు రంగస్థలం మాటే. ఇటలీలో ఫియాస్కో అంటే సీసా. కియాంటి వైన్ పోసే, గడ్డి అల్లిక చుట్టిన గుండ్రటి సీసాను అలాగే పిలుస్తారు. నాటకం తప్పితే అక్కడి కళాకారులు ‘సీసా చేశాడు’ అనేవారు. సీసాకూ ఓటమికీ సంబంధమేమిటో ఎవరూ తేల్చలేదు. వెనిస్ గాజు పనివాళ్లు చెడిన సామానును మామూలు సీసాగా మార్చేసేవారన్న కథ ఉంది, రుజువు లేదు. ఆ మాట ఫ్రెంచివాళ్ల ద్వారా ఇంగ్లిష్‌లోకి చేరింది. ఇప్పుడు పరీక్షల గందరగోళానికీ అదే, ట్రాఫిక్ జామ్‌కీ అదే. మన రసాభాసకూ ఇదే గతి పట్టింది. కావ్యంలో రసం తప్పడాన్ని చెప్పే అలంకారశాస్త్రంలోని మాట, ఇవాళ కౌన్సిల్ మీటింగుల వార్తల్లో తప్ప కనపడదు.

1853 మార్చి 6న వెనిస్‌లో ఇటలీ సంగీతకర్త వెర్డి ఒపేరా (పాటలతో నడిచే నాటకం) ‘లా ట్రావియాటా’ తొలి ప్రదర్శన దెబ్బతింది. మర్నాడు ఆయనే మిత్రుడికి రాశాడు: ‘నిన్న రాత్రి ఫియాస్కో. తప్పు నాదా, గాయకులదా? కాలమే తేలుస్తుంది.’ మరుసటి ఏడాది మే నెలలో, కొన్ని మార్పులతో, అదే ఊళ్లో ఇంకో థియేటర్‌లో వేస్తే జనం నెత్తిన పెట్టుకున్నారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కువగా ఆడే ఒపేరాల్లో అదొకటి. తన పని గురించి వెర్డి ఆ మాట అనుకోవచ్చు. తొలిసారి రంగు పూసుకున్న పిల్లల మీద పత్రిక ఆ ముద్ర వేయడం వేరు.

రవీంద్రభారతిలో ఏళ్ల తరబడి హార్మోనియం వాయించినవాణ్ణి. తొలి ఆట తప్పాక మళ్లీ మేకప్ వేసుకోవడానికి ఎంత గుండె కావాలో దగ్గర్నుంచి చూశాను. ఆ కుర్రాళ్లు వచ్చే నెల మళ్లీ వేస్తున్నారు. మీ విలేకరిని చివరి పద్యం దాకా కూర్చోమని చెప్పి పంపండి.

– ఒక విశ్రాంత హార్మోనిస్టు, చిక్కడపల్లి, హైదరాబాద్