పాత ట్రాక్టరుని తుక్కుకి ఇచ్చేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా నాన్నగారి హెచ్‌ఎంటీ 2511 ట్రాక్టరులో ఇంజన్ ఆయిలు పాలు పోసిన టీలా మారిపోతే చూసినవాళ్లంతా తుక్కుకి ఇచ్చేయమన్నారు. నాకు మనసొప్పలేదు. పాతపట్నం నుంచి ఒక పెద్ద మేస్త్రిని పిలిపించి ఇంజన్ మొత్తం విప్పించాం. లైనరు (పిస్టను ఆడే గొట్టం, దాని చుట్టూ చల్లబరిచే నీళ్లుంటాయి) పైకి లాగాక దాని అడుగున నీళ్లు కిందికి దిగకుండా ఆపే రబ్బరు రింగు నా చేతిలో పెట్టారు, గోటితో నొక్కితే పెంకులా విరిగింది. నీళ్లు ఆయిల్లోకి దిగుతున్నది అక్కడినుంచే!

ఆయన విప్పేముందే క్రాంకు (ఇంజన్ని తిప్పే ఇరుసు)ని పట్టి ఉంచే ప్రతి బేరింగు క్యాపుకీ పంచ్‌తో చుక్కలు కొట్టుకున్నారు, ఏది ఎక్కడిదో అక్కడే, అదే వైపుకి బిగించకపోతే క్రాంకు పట్టేస్తుంది. హెడ్డు బోల్టులు మధ్యనుంచి బయటికి, విడతలుగా, టార్కు రెంచితోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచి చూపే రెంచి) బిగించారు. అంతకుముందు వేరే ఆయన స్పానరుకి పైపు తగిలించి అందాజుగా బిగిస్తే హెడ్డు కింద ఉండే గ్యాస్కెట్ (సందు మూసే పలక) పొలం దమ్ముల మధ్యలోనే పోయింది, ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల తయారీని కేంద్రం 2016లో మూసేయాలని నిర్ణయించింది. రెండు సిలిండర్ల ఈ బండి చిన్న రైతుకి ఇప్పటికీ సరిపోతుంది, స్పేర్లకే తిరగాలి. వీటిని విప్పి బిగించడం ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని ఐటీఐల్లో పిల్లల చేత చేయించాలి, స్పేర్లు ఎక్కడ దొరుకుతాయో మీ వ్యవసాయ పేజీలో వేయండి.

- ఒక రైతు, గజపతి జిల్లా, ఒడిశా