బోస్టన్ ఫెర్న్ కొన్నవాళ్ళకి ఒక మాట

ఈసారి సిరిమాను పండగ ముందు మా విజయనగరం నర్సరీలో బోస్టన్ ఫెర్న్ అని కుండీ 220 రూపాయలకు తీసుకెళ్ళారు కదా, వాటిలో చాలావరకు బోస్టన్ కాదండి. లోడుతో వచ్చిన చీటీ మీద పేరు చూసి అలాగే అమ్మేశాను. ఒక్క కుండీ అయినా బోర్లించి చూడాల్సింది. తప్పు నాదే, క్షమించండి.

గంటస్తంభం వైపు నుంచి ఒక మేడమ్ కుండీ మారుస్తుంటే వేళ్ళలో గుండ్రంగా ఏవో కనబడ్డాయట. పురుగు గుడ్లేమోనని టెన్షన్ పడి మొక్కను అలాగే కవర్లో పెట్టి తెచ్చారు. మట్టి దులిపితే సన్నటి తీగలకు గోళీకాయల్లా దుంపలు, పైన గోధుమరంగు పొలుసు. ఒకటి కోశాను, లోపలంతా నీరే. ఎండాకాలానికి మొక్క దాచుకునే నీరది, జబ్బు కాదు. కానీ అది చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బోస్టన్‌కి దుంపలు రావు. అవి నెఫ్రోలెపిస్ కార్డిఫోలియా అనే ఇంకో జాతి ఫెర్న్‌కి వస్తాయి. బోస్టన్ ఏమో నెఫ్రోలెపిస్ ఎక్సాల్టేటాలో ఒక రకం.

లేత మొక్కకు దుంపలు ఇంకా పట్టకపోవచ్చు, అందుకని మట్ట కూడా చూడండి. కార్డిఫోలియా మట్ట సన్నగా, నిటారుగా లేస్తుంది. చిట్టి ఆకుల కొనలు మొద్దుగా ఉండి, మొదలు దగ్గర చెవిలాంటి భాగం ఈనె మీదికి ఎక్కుతుంది. బోస్టన్ మట్ట వెడల్పుగా పెరిగి కిందికి వంగి వేలాడుతుంది. 1894లో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్‌కి పంపిన మొక్కల్లో ఒకటి ఇలా వేరుగా కనబడిందనే ఆ పేరు వచ్చింది. ముడతల ఆకుల ఫ్లఫీ రఫుల్స్ కూడా దాని సంతతే. అది కొన్నవాళ్ళు మధ్యలో మామూలు మట్ట లేస్తే వెంటనే మొదలంటా కోసేయండి, లేకపోతే కుండీ అంతా అదే అయిపోతుంది.

కార్డిఫోలియా చెడ్డ మొక్కేం కాదు, రెండ్రోజులు నీళ్ళు మరిచినా తట్టుకుంటుంది. ఉంచుకుంటామంటే 100 రూపాయలు వెనక్కిస్తాను. వద్దంటే కుండీతో సహా తెచ్చేయండి, మార్చి ఇస్తాను. బిల్లు అక్కర్లేదు. అసలు బోస్టన్‌వి 30 కుండీలు గ్రీన్ నెట్ కింద విడిగా పెట్టాను, అన్నిటి వేళ్ళూ ఈసారి నేనే చూశాను.