మొగల్లో చేపకు కాలం లెక్క కావాలి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆగుతుంది. సముద్రం మట్టుకు మంచిదే. కానీ కళింగపట్నం దగ్గర వంశధార మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు), కల్లేపల్లి దగ్గర నాగావళి మొగ, కోనాడ దగ్గర చంపావతి మొగ వేరే పంచాంగం మీద నడుస్తాయి. కొయ్యింగలు, అంటే కత్తిపరిగలు, చలి మొదలయ్యే వేళకి గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి దిగుతాయి. అంగుళమంత పిల్లలు ఆ చలికాలంలోనే పోటునీటితో ఏట్లోకి ఎక్కుతాయి. పండుగప్ప పిల్లలది వానాకాలం. రెండూ నిషేధం ముగిశాకే. రొయ్యపిల్ల కోసం దోమతెర వల ఒక్క లాగు లాగితే అడుగున వెండిపొడిలా అంటుకునేవి ఈ పిల్లలే. రొయ్యపిల్ల ఏరుకుని మిగతాది ఇసుకలో పారబోస్తారు.

పండుగప్పది ఇంకో చిక్కు. అది మొదట మగదిగా ఎదిగి, ఏళ్లు గడిచి బాగా పెద్దయ్యాకే ఆడదవుతుంది. పెద్ద చేపలన్నీ పట్టేస్తే పోయేవి తల్లులే. టన్నుల లెక్కలో ఇది కనపడదు. పది వలలకు పడిన చేప ఇప్పుడు ఇరవై వలలకు పడినా కాగితం మీద బరువు అంతే ఉంటుంది. వల ఒక్కింటికి వచ్చేది మాత్రం సగం.

అందుకే గ్రామ మత్స్య సహాయకులతో ఒక పుస్తకం పెట్టించండి. ఒక్కో ఏటికి మూడు చోట్లు: మొగ, నడుమ, ఉప్పు ఆగిపోయే చోటు. నెలకు రెండుసార్లు, అమావాస్యకొకటి, అష్టమికొకటి. అదే పొడవు వల, వల కన్ను (గళ్ల సైజు) కూడా అదే, అవే రెండు గంటలు. ఒక నెల అమావాస్య పోటుకి, మరు నెల అష్టమికి వేసి పోల్చితే చేప తగ్గిందనిపిస్తుంది. తగ్గింది పోటు. ప్రతి చేపనూ మూతి నుంచి తోక చివరిదాకా కొలవాలి. ఏమీ పడని రోజు సున్నా రాయాలి. ఖాళీగా వదిలేస్తే సగటు ఊరికే పెరిగిపోతుంది. ఉప్పు చూడటానికి రొయ్యల చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరే చాలు, కాకపోతే ముందు మంచినీటి చుక్కతో సున్నా సరిచూసుకోవాలి. వంశధార మీది గొట్టా బ్యారేజీ నుంచి నీళ్లు వదిలిన తేదీలూ పక్కనే ఉండాలి.

వేసవిలో ఏరు పారక మొగ పూడితే జేసీబీతో కోయిస్తున్నారు. లోపలి నీరు సముద్రం కంటే ఎత్తుగా ఉన్నప్పుడు, పాటు మొదట్లో కోస్తే నీరే ఇసుకను ఈడ్చుకుపోతుంది. పోటులో కోస్తే అలలు మళ్లీ కప్పేస్తాయి. వేసవిలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది కాబట్టి తవ్విన ఇసుకను దక్షిణపు గట్టున పోయించకండి, తిరిగి కాలవలోకే వస్తుంది.

మొదట ఈ మూడు మొగల్లో పన్నెండు నెలలు రాయించండి. దోమతెర వలలను ఆపడానికి మాత్రం ఆ లెక్క తేలేదాకా చూడనక్కర్లేదు.

ఇట్లు,
మొగల్లో చేపల రాకపోకలు గమనించేవాళ్లం,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు