వార్షిక నివేదిక: ఈ ఏడాది మన సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి ఆటల పోటీలు వానకు ఆగిపోయాయి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం ఎప్పటిలాగే జరిగింది. చెప్పుకోవాల్సింది అక్టోబరు 8 సభ గురించి.

హక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ 2009లో ఆ రోజునే కన్నుమూశారు. లెక్కల్లో పీహెచ్‌డీ చేసి, కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, తర్వాత వకీలై హైకోర్టులో ఆదివాసుల భూమి కేసులు వాదించిన మనిషి. ఫొటోకు దండేసి ఉపన్యాసాలు పెట్టేకంటే, ఆయన పట్టుకు తిరిగిన 1/70 చట్టాన్నే, అంటే ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1970 నాటి చట్టాన్నే, చదువుదామనుకున్నాం. ఒక్క వాక్యం దగ్గరే సభ ఆగిపోయింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందనే లెక్క. అంటే రుజువు చూపాల్సింది అవతలివాడు. "మరి కోర్టు చుట్టూ ఇన్నేళ్లు నన్నెందుకు తిప్పారయ్యా?" అని ఒక అవ్వ అడిగింది. ఎవరం జవాబు చెప్పలేకపోయాం. 1/70 అనే మాట మనందరికీ నోటికొచ్చు, లోపల ఏముందో చూసింది తక్కువ. నన్నూ కలుపుకునే అంటున్నాను.

ఆ ప్రశ్న తర్వాతే పోడు భూముల పట్టాల కోసం పెట్టే ఫారాల మీద కూర్చున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ భూమి మన ఆధీనంలో ఉన్నట్టు చూపాలి. కాగితం లేదని మనవాళ్లవి కొన్ని వెనక్కొచ్చాయి. ఆ చట్టం కింద చేసిన నిబంధనల్లో 13వది చదివితే ఊరి పెద్దలు చెప్పింది రాసిపెట్టినా సాక్ష్యమే, పాత బావి, శ్మశానం, దేవుడి చోటు, చేనిగట్టు కూడా సాక్ష్యమే. కాకపోతే ఒకటి చాలదు, ఒకటికి మించి ఉండాలి.

పెద్దలకు సంవత్సరాలు గుర్తుండవు. "గోదారి పెద్ద వరదప్పటికే ఆ చేను దున్నుతున్నాం" అంటారు. అది 1986 అని మనం పక్కన రాసుకోవాలి. కోయ భాషలో చెప్పింది తెలుగులోకి మార్చేటప్పుడు రెండుసార్లు తప్పు రాశాం, మళ్లీ చదివి వినిపించి దిద్దాం. ఒక ఆఫీసులో ఈ వాంగ్మూలాలు చెల్లవన్నారు. ఆ మాటే కారణంతో సహా రాసివ్వమంటే, మర్నాడు ఫారాలు తీసుకున్నారు. పట్టాలు ఇంకా రాలేదు.

జమాఖర్చులు ఆఫీసు గోడ మీద అంటించాం. ఏటి అవతలి గూడేల వాంగ్మూలాలు మిగిలాయి. కోయ బాగా వచ్చి, చేతిరాత తిన్నగా ఉన్న ఇద్దరు కావాలి. పేర్లు కోశాధికారికి ఇవ్వండి.

కార్యదర్శి