ఈ ఏడాదీ తాటి మొక్కలు లేవు, టెంకలే

అందరికీ నమస్కారమండి. ఆషాఢం నుంచి ఒకటే ఫోన్లు: "కడియంలో నర్సరీ పెట్టుకుని తాటి మొక్క లేదంటారేంటండీ?" అని. ఫాక్స్‌టెయిల్, రాయల్ పామ్, అరెకా, ఏది కావాలన్నా కవర్లోనే బండెక్కిస్తాం. తాడిని మాత్రం కవర్లో పెంచి అమ్మం.

ఎందుకో తేగలు తవ్వినవాళ్లకు చెప్పక్కర్లేదు. టెంక మొలిస్తే ముందు ఆకు రాదు, మొలక తిన్నగా కిందికి దిగుతుంది. అడుగు లోతు దాటాక గానీ అక్కడి నుంచి వేరు కిందికి, ఆకు పైకి బయల్దేరవు. సంక్రాంతి ముందు పాతర తవ్వి మనం తంపటేసుకుని తినేది ఆ మొలకనే. మామూలు కవరు లోతు జానెడు. మొలక అడుగుకు తగిలి మెలిక పడుతుంది, లేదా కవరు చించుకుని నేలలోకి పోతుంది. అది ఎత్తేటప్పుడు లోపలే తెగుతుంది. పైకి పచ్చగా ఉంటుంది, మీ ఇంటికొచ్చాక ఎండుతుంది. పొడవాటి గొట్టాల్లో పెంచొచ్చు గానీ ఆ ఖర్చు మీ నెత్తినే పడుతుంది.

అందుకే భాద్రపదంలో రాలిన పండ్ల టెంకలే ఇస్తున్నాం. చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే రెండడుగుల లోతు మట్టి గుల్ల చేసి, టెంకను పైపైన కప్పండి. ఒక్కో చోట రెండేసి వేస్తే మంచిది. చెట్టుకూ చెట్టుకూ పదడుగులు ఉండాలి. చాలా నెలల తర్వాత కత్తిలాంటి ఒంటి ఆకు వస్తుంది. విసనకర్ర ఆకు కోసం చూస్తూ దీన్ని గడ్డి అనుకుని పీకేసేవాళ్లే ఎక్కువ! పక్కన కర్ర పాతుకోండి. మొదటి వేసవిలో అప్పుడప్పుడూ నీళ్లు పోస్తే చాలు.

"ముంజలు కాసేదే ఇవ్వండి" అంటే మా వల్ల కాదు. పోతుతాడో ఆడదో పూత వచ్చేదాకా తెలియదు, అందుకు 12 నుంచి 15 ఏళ్లు పట్టొచ్చు. ఎకరాల్లో వేయాలనుకునేవాళ్లు రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో ఒకసారి అడగండి, తాటి మీద అక్కడ పని జరుగుతోంది.

టెంక 5 రూపాయలు, రవాణా మీదే. వందకు పైగా కావాలంటే వినాయక చవితిలోపు చెప్పండి. చాలకపోతే పోయినేడాదివి కలిపి మాత్రం ఇవ్వం.